మన బిడ్డకు మంచి హైస్కూలు ఏది?

ప్రతి సంవత్సరము పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారము తిరగక ముందే సికింద్రాబాదు వీధులన్నీ ఫ్లెక్సీలతో నిండిపోతాయి. స్టేషను ఎదుట, క్లాక్ టవరు దగ్గర, సంగీత్ చౌరస్తాలో ఎటు చూచినా నవ్వుతున్న పిల్లల ముఖాలు, వాటి క్రింద పెద్ద పెద్ద అంకెలు. ఆ ఫ్లెక్సీల క్రిందుగా నడుచుకుంటూనే మన పల్లెల నుండి తలిదండ్రులు మా పార్సనేజీకి వస్తారు. చేతిలో బిడ్డ ప్రోగ్రెస్ రిపోర్టు, సంచిలో సద్దిమూట. కూర్చుని మంచినీళ్ళు త్రాగిన తరువాత ఒకే మాట అడుగుతారు.

"అయ్యగారూ, మీరు పట్నంలో ఉంటారు గదా. రాష్ట్రంలో అన్నిటికంటె మంచి హైస్కూలు ఏదో చెప్పండి. ఎంతైనా కడతాము. మా బతుకు మా పిల్లవానికి రావద్దు."

ఆ చివరి మాట వెనుక ఎన్ని ఎండలు, ఎన్ని వానలు, ఎంత అవమానము ఉన్నదో నాకు తెలుసు. కనుకనే ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదని నేను నేర్చుకొన్నాను. అయితే అది నేర్చుకోవడానికి ఒక కుటుంబము వెల చెల్లించింది.

నేను చేసిన పొరపాటు

పన్నెండేండ్ల క్రితము మెదకు ప్రాంతపు సహోదరుడొకడు ఎనిమిదవ తరగతి పూర్తిచేసిన తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చాడు. పిల్లవాడు జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మాధ్యమములో చదివాడు, లెక్కలలో దిట్ట. నేను ఆ పాఠశాలలను వెళ్ళి చూడలేదు, ఎవరినీ విచారించలేదు. దారిలో చూచిన ఫ్లెక్సీ గుర్తుకు వచ్చి, హాస్టలు ఉన్న ఒక ప్రైవేటు పాఠశాల పేరు చెప్పి, ప్రార్థన చేసి పంపించాను. సేవకుడు చెప్పిన మాట గదా అని ఆ తండ్రి అర ఎకరము అమ్మి ఫీజు కట్టాడు.

అక్కడ పిల్లలను మార్కులను బట్టి సెక్షనులుగా విభజించేవారు. ఒక్కసారిగా ఇంగ్లీషు మాధ్యమములో పడిన మన పిల్లవాడు చివరి సెక్షనులో చేరాడు. తెల్లవారుజామున అయిదింటికి మొదలైన చదువు రాత్రి పదింటికి ముగిసేది. ఇంటికి ఫోను పదిహేను రోజులకు ఒక్కసారి. దసరా సెలవులకు వచ్చిన బిడ్డ ఎవరితోను మాట్లాడలేదని తల్లి కంటతడితో చెప్పింది. తొమ్మిదవ తరగతి ముగిసేసరికి, "వీడు పదవ తరగతి ఇక్కడ వ్రాస్తే మా రిజల్టు చెడిపోతుంది, టీసీ తీసుకొని పొండి" అన్నారు.

ఆ పిల్లవాడు తిరిగి తన ఊరి బడికే వెళ్ళాడు. లెక్కల మాస్టారు సాయంత్రము తన దగ్గర కూర్చోబెట్టుకొని ఏడాదిపాటు ధైర్యము చెప్పాడు. పది పాసయ్యాడు, పాలిటెక్నిక్ చదివాడు, ఈనాడు ఉద్యోగము చేసుకొంటున్నాడు. దేవునికి స్తోత్రము. కాని ఆ అర ఎకరము తిరిగి రాలేదు. ఆ తండ్రి నన్ను ఒక్కమాట అనలేదు. అనకపోవడమే నాకు భారముగా ఉన్నది.

ఫ్లెక్సీ చెప్పని సంగతులు

ప్రియులారా, ఫ్లెక్సీ మీద ఉన్న అంకె అబద్ధము కాకపోవచ్చు. కాని అది సగము మాట. 600 మార్కులకు 580 దాటిన పదిమంది ఫోటోలు వేశారు. మరి పరీక్ష వ్రాసినవారు పదిహేనుమందా, పదిహేను వందలమందా? ఆ పదిమంది ఒక్క బ్రాంచివారా, యాభై బ్రాంచిలవారా? తొమ్మిదవ తరగతిలో చేరినవారు ఎందరు, వారిలో అదే బడి నుండి పది వ్రాసినవారు ఎందరు? ఈ చివరి ప్రశ్న ఆనాడు నేను అడిగి ఉంటే ఆ అర ఎకరము మిగిలేది.

ఉత్తీర్ణతా శాతము కూడ అంతే. తెలంగాణలో పదవ తరగతి వ్రాసిన ప్రతి నూరుమందిలో 2024లో 91 మందికి పైగా, 2025లో 92 మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. రాష్ట్రమంతటా ఇంతమంది పాసవుతుండగా, "మా బడిలో 95 శాతము" అని చెప్పుకోవడము ఆ బడి గొప్పతనాన్ని అంతగా తెలుపదు. వెనుకబడిన బిడ్డను ఆ బడి ఏమి చేసింది అన్నదే అసలు పరీక్ష.

పాత పేరు సంగతి కూడ ఆలోచించుదాము. ఈ జంట నగరాలలో పేరున్న పాత పాఠశాలలకు కొదువ లేదు. ఆబిడ్సులో సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834లో ఆరంభమైంది. సికింద్రాబాదులో మహబూబ్ కాలేజీ 1862లో వెలసింది. 1893లో స్వామి వివేకానంద అక్కడ ప్రసంగించారు. మెథడిస్టు మిషను వారి స్టాన్లీ బాలికల పాఠశాల 1895 నాటిది. మన వెస్లీ బాలుర, బాలికల ఉన్నత పాఠశాలలు తరతరాల మన పిల్లలకు చదువు చెప్పాయి. ఆనాడు మిషనరీలు ఊరి బడిలో బల్లమీద కూర్చోనియ్యని పిల్లలను చేరదీసి, బోర్డింగులు పెట్టి చదివించారు. అది మనము మరువరాని మేలు. అయినా పేరు నిన్నటిది, మన బిడ్డ చదవవలసింది రేపు. మిషను పాఠశాల అయినా సరే, వెళ్ళి చూచి, విచారించి చేర్చడమే మంచిది.

మన ముందున్న తలుపులు

చాలమందికి తెలియని సంగతి ఒకటున్నది. పల్లె పిల్లల కొరకు ప్రభుత్వము నడిపే మంచి పాఠశాలలు మే నెలలో తలుపులు తెరవవు. అప్పటికే మూసివేస్తాయి.

నవోదయ విద్యాలయాలు 1986లో మొదలయ్యాయి. అయిదవ తరగతి చదువుతున్న బిడ్డ పరీక్ష వ్రాస్తే ఆరవ తరగతిలో సీటు దొరుకుతుంది. సీట్లలో కనీసము 75 శాతము గ్రామీణ పిల్లలకు, మూడవ వంతు బాలికలకు కేటాయించారు. పరీక్ష తెలుగులో వ్రాయవచ్చు. చదువు, భోజనము, వసతి అన్నీ ఉచితమే. తొమ్మిదవ తరగతి నుండి కొందరు మాత్రము నెలకు కొద్ది మొత్తము కట్టవలసి ఉంటుంది. వర్గల్‌లో ఉన్నది ఇటువంటిదే. తెలంగాణలో తొమ్మిది నవోదయలుండగా, 2024 డిసెంబరులో మరి ఏడింటిని కేంద్రము మంజూరు చేసింది. దరఖాస్తులు సాధారణంగా వర్షాకాలములోనే తీసుకొంటారు. ఈ పరీక్ష ఒక్కసారే వ్రాయనిస్తారు, జ్ఞాపకముంచుకోండి.

ఇక గురుకులాలు. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల ఏర్పడింది. ఆ విత్తనము నుండి ఎన్నో మొలకెత్తాయి. నేడు సాంఘిక సంక్షేమ, గిరిజన, వెనుకబడిన తరగతుల గురుకులాలు వందలకొద్దీ ఉన్నాయి. వీటిలో అయిదవ తరగతి ప్రవేశానికి ఉమ్మడి పరీక్ష ఉంటుంది. అంటే బిడ్డ నాలుగవ తరగతిలో ఉన్నప్పుడే చలికాలములో దరఖాస్తు చేయాలి. తెలంగాణలో 2016 నుండి మైనారిటీ గురుకులాలు నడుస్తున్నాయి. క్రైస్తవులు కూడ అర్హులే. ఆరవ తరగతి నుండి మోడల్ స్కూళ్ళు, బడి మానిన ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోని మన సంఘస్థులకు కూడ గురుకులాలు, నవోదయలు ఉన్నాయి. తేదీలు మీ మండల విద్యాశాఖ కార్యాలయములో అడగండి.

ఇక్కడ ఒక కష్టమైన మాట. దరఖాస్తులో కుల ధ్రువపత్రము అడుగుతారు. షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైన వారిని మన రెండు రాష్ట్రాలలో బీసీ-సీ గా లెక్కిస్తారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన కలిగిన ఈ అన్యాయాన్ని గురించి మన సంఘాలు ఎంతోకాలముగా పోరాడుతున్నాయి. ఈ కాలమ్ దగ్గర కలము ఆగిపోయిన తలిదండ్రులను నేను చూచాను, వారికి తీర్పు తీర్చను. కాని బిడ్డ పెద్ద చదువు మొదటి కాగితములోనే తన విశ్వాసాన్ని దాచుకోవడము నేర్చుకోకుండ చూడండి. బీసీ-సీ క్రిందను, మైనారిటీ క్రిందను తెరచి ఉన్న తలుపులను ముందుగా తట్టండి.

వెళ్ళి చూడండి, అడిగి తెలుసుకోండి

ప్రభుత్వ బడి గాని ప్రైవేటు బడి గాని, చేర్చేముందు ఒక పని దినమున తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురూ వెళ్ళండి. ఆఫీసు గదిలో కూర్చుని తిరిగి రావద్దు.

1. బడికి ప్రభుత్వ గుర్తింపు ఏ తరగతి వరకు ఉన్నది? యూడైస్ సంఖ్య అడిగి వ్రాసుకోండి. గుర్తింపు లేని బడి పిల్లలు పదవ తరగతి పరీక్షను వేరే బడి పేరున వ్రాయవలసి వస్తుంది.

2. మరుగుదొడ్లు చూడండి. నీళ్ళు వస్తున్నాయా, ఆడపిల్లల గదికి లోపల గడియ ఉన్నదా? ఇది సిగ్గుపడవలసిన ప్రశ్న కాదు.

3. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులు ఎన్నేండ్లుగా అక్కడ ఉన్నారు? ఏడాదికొకరు మారుతుంటే కారణము విచారించండి.

4. తెలుగు మాధ్యమము నుండి వచ్చిన బిడ్డకు మొదటి ఏడాది ప్రత్యేకముగా ఏమి చేస్తారు?

5. హాస్టలు అయితే, రాత్రి పిల్లలతో ఉండేది ఎవరు? జ్వరము వస్తే ఎవరు చూస్తారు? ఎన్నాళ్ళకు ఫోను, ఎన్నాళ్ళకు కలిసే వీలు?

6. బడి విడిచే వేళ గేటు దగ్గర నిలబడి, బయటికి వచ్చే పిల్లల ముఖాలు చూడండి. ఇద్దరు ముగ్గురు తలిదండ్రులతో మాట్లాడండి. ఆఫీసులో దొరకని జవాబు అక్కడ దొరుకుతుంది.

ఇక ఖర్చు లెక్క. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవాలని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో బోధించారు. ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి లక్ష రూపాయలు అనుకొందాము. ఆరు నుండి పది వరకు అయిదేండ్లకు అయిదు లక్షలు. అందులో ఒక్క లక్ష నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా, ఏడాదికి 24,000 రూపాయలు వడ్డీయే. ఆ తరువాత ఇంటర్మీడియట్, డిగ్రీ ఉన్నాయి. పదవ తరగతికే పొలము అయిపోతే, అసలు చదువు వచ్చేసరికి చేతులు ఖాళీ. మొదటి సంవత్సరము ఫీజు మాత్రమే అడగకండి. పదవ తరగతి వరకు ఏడాదికి ఎంత పెంచుతారో, పుస్తకాలకు, యూనిఫారముకు, బస్సుకు ఎంతో కాగితము మీద వ్రాయించుకోండి. 2009 నాటి విద్యాహక్కు చట్టము క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. రసీదు ఇవ్వని సొమ్ము ఎవరికీ ఇవ్వవద్దు.

హన్నా కుట్టిన అంగీ

ఇంత చెప్పిన తరువాత కూడ ఎవరైనా, "మంచి బడి ఏదో ఒక్కటి చెప్పండి అయ్యగారూ" అంటే, నేను హన్నాను చూపిస్తాను. ఆమె తన బిడ్డను షిలోహు మందిరములో విడిచింది. ఇశ్రాయేలీయులకు అంతకంటె పేరున్న స్థలము లేదు. అయినా ఆ స్థలములోనే ఏలీ కుమారులు దుర్మార్గులై తిరిగారని లేఖనము దాచకుండ చెబుతుంది. గొప్ప స్థలమైనంత మాత్రాన బిడ్డ దానంతట అది బాగుపడదు. మరి సమూయేలు ఎట్లు నిలిచాడు? దేవుని కృపయే. అయితే ఆ కృపతోపాటు తల్లి చేసిన ఒక చిన్న పని కూడ మొదటి సమూయేలు రెండవ అధ్యాయములో వ్రాయబడింది. ఆమె ప్రతి సంవత్సరము చిన్న అంగీ ఒకటి కుట్టి బిడ్డకు తీసుకొని పోయేది.

కొలత తెలియనిది అంగీ కుట్టలేము. ఈ ఏడాది బిడ్డ ఎంత పెరిగాడో, భుజాలు ఎంత విశాలమయ్యాయో ఆ తల్లికి తెలుసు. బిడ్డను దూరముగా ఉంచింది గాని మరచిపోలేదు.

మీ ఊరి జిల్లా పరిషత్ బడి అయినా, గురుకులము అయినా, పట్నపు బడి అయినా, ఏటేటా మీ బిడ్డ కొలత మీకు తెలిసేటట్లు మిమ్మును లోపలికి రానిచ్చే బడి, చివరి బెంచీలో ఉన్న బిడ్డను కూడ పేరుపెట్టి పిలిచే మాస్టారు ఉన్న బడి, అదే మీ బిడ్డకు రాష్ట్రములో మంచి హైస్కూలు. అది దొరికిన తరువాత మీ పని అయిపోలేదు. నెలకొకసారి వెళ్ళండి. మార్కులకంటె ముందు, "అన్నము తిన్నావా బిడ్డా, నిద్ర పడుతుందా?" అని అడగండి.

సంఘ పెద్దలకు ఒక మనవి. జూలై మాసములో ఒక ఆదివారము ఆరాధన తరువాత, నాలుగు, అయిదు తరగతుల పిల్లల తలిదండ్రులను కూర్చోబెట్టి పైన చెప్పిన దరఖాస్తుల సంగతి వివరించండి. చదువుకొన్న యువకులు ఆ ఫారాలు నింపిపెట్టండి. మే నెలలో పార్సనేజీ తలుపు తట్టే ఒక తండ్రికి పొలము మిగులుతుంది.

మన బిడ్డలను జ్ఞానమందును వయస్సునందును దేవుడు వర్ధిల్లజేయును గాక. ఆమెన్.