కుక్కుట శాస్త్రము

కుక్కుట శాస్త్రము అనగా పోరుకు దిగే కోడిపుంజుల జయాపజయములను వాటి రంగు, వారము, నక్షత్రము, దిక్కులను బట్టి ముందుగా చెప్పే శకున శాస్త్రము. కుక్కుటము అనగా సంస్కృతములో కోడి. గోదావరి డెల్టాలో, ముఖ్యముగా భీమవరం పరిసరాలలో, భోగి, సంక్రాంతి, కనుమ రోజులలో జరిగే కోడిపందేలకు పందెగాళ్ళు దీనిని సంప్రదిస్తారు. దీనికి కుక్కుట పంచాంగము అనే పేరు కూడా కలదు.

నేపథ్యము

వాత్స్యాయనుని కామసూత్రములో పేర్కొనబడిన 64 కళలలో పొట్టేళ్ళు, కోళ్ళు, లావుక పిట్టల పోరు ఒకటి. 12వ శతాబ్దపు పలనాటి కథలో బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మల మధ్య జరిగిన కోడిపందెం ప్రసిద్ధమైనది. అందులో ఓడిన బ్రహ్మనాయుని పక్షము మాచర్లను విడిచి వెళ్ళవలసి వచ్చినది. పుంజుల పోరులో మనుషుల తగవు ఇమిడి ఉండుట ఈ కథలో స్పష్టముగా కనిపిస్తుంది.

రంగులు

ఈకల రంగును బట్టి పుంజులకు పేర్లు ఏర్పడినవి. వాటిలో కొన్ని:

* కాకి - నల్లని ఈకలు కలది
* సేతువ - తెల్లని ఈకలు కలది
* డేగ - ఎర్రని ఈకలు కలది
* నెమలి - రెక్కలపై లేదా వీపుపై పసుపు ఈకలు కలది
* కౌజు - నలుపు, ఎరుపు, పసుపు ఈకలు కలసినది
* అబ్రాసు - బంగారు వన్నె ఈకలు కలది

కాకి డేగ, కాకి నెమలి వంటి మిశ్రమ నామములు కూడా ఉన్నాయి. ఇటువంటి పుంజును ఏ రంగు కింద లెక్కించవలెనన్నది చూచేవారి నిర్ణయము.

ఫలము చెప్పే విధానము

ఏ రోజున ఏ రంగు పుంజు ఏ రంగుపై గెలుస్తుందో, దానిని ఏ దిక్కు నుండి బరిలోకి వదలవలెనో ఈ శాస్త్రము చెబుతుంది. ఏ రంగుకూ స్వతహాగా శుభాశుభములు లేవు. ఎదుటి రంగును బట్టియే ఫలము. ఉదాహరణకు, ఒక రోజు కాకిపై డేగకు జయమని ఉన్నదనుకుందాము. డేగ గలవాడు ఆ రోజు కాకితోనే పందెము కోరుకుంటాడు. కాకి గలవాడు తప్పుకోజూస్తాడు. కావున దీని అసలు ఉపయోగము ప్రత్యర్థిని ఎంచుకొనుటలో ఉన్నది. ఎదుటి పుంజును చూపకుండా కట్టే ముసుగు పందెములో ఈ ఎంపికకు వీలు లేదు.

ఇతర పద్ధతులతో పోలిక

తమిళనాట ప్రచారములో ఉన్న పంచపక్షి శాస్త్రములోని ఐదు పక్షులలో కోడి ఒకటి. పాశ్చాత్యుల టారో కార్డులలో ఐదు కర్రల కార్డు సంఘర్షణను సూచిస్తుంది. 1909లో వెలువడిన ప్రసిద్ధ కార్డుల కట్టలో, ఈ కార్డుపై ఐదుగురు యువకులు కర్రలెత్తి తలపడుతుంటారు. గెలిచినదెవరో బొమ్మలో కనబడదు. దాని అర్థమును చదివేవారే సందర్భమును బట్టి చెబుతారు. కుక్కుట శాస్త్రము మాత్రము విజేతను ముందే పేర్కొంటుంది.

విమర్శ

ఈ శాస్త్రమునకు వైజ్ఞానిక ఆధారము లేదు. పోరు ఫలితము పుంజు వయస్సు, బరువు, మేపు, తర్ఫీదులపైన, కత్తి కట్టినచో అది తగిలే చోటుపైన ఆధారపడుతుంది. ఓడినవాడు రంగును తప్పుగా గుర్తించితిననో, దిక్కు కుదరలేదనో అనుకొనవచ్చును. అట్లు తప్పు ఎప్పుడూ చదివినవానిదే అగును, శాస్త్రముది కాదు. ఆ నమ్మకముతోనే మరల పందెము కాసినచో నష్టము పెరుగుతుంది. కత్తి పందెములో ఓడిన పుంజు తరచుగా ప్రాణము కోల్పోతుంది.

చట్టము

జంతువులను పోరుకు పురికొల్పుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద నిరోధక చట్టము కూడా కోడిపందేలకు వర్తిస్తుంది. 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు వీటిని అరికట్టవలెనని ఆదేశించినది. అయినను సంక్రాంతికి పందేలు జరుగుతూనే ఉన్నాయి.