తుఫాను గాలి ఏల సుడి తిరుగును?

వరి కోతకు వచ్చు వేళకు తుఫాను భయము కోస్తా రైతులకు తప్పదు. గాలి మొదట ఉత్తరమునుండి వీచి, కేంద్రము దాటిన పిదప దక్షిణమునుండి వీచుట పలువురు చూచియే యుందురు. దీనికి కారణము మనము నిలిచిన నేల తిరుగుచుండుటయే.

కుమ్మరి సారెను గడియారపు ముల్లునకు ఎదురు దిక్కుగా త్రిప్పుచు, దానిమీద నడుమనుండి అంచు వరకు సుద్దముక్కతో తిన్నగా గీత గీయుడు. చేయి తిన్నగానే పోవును. సారెమీది గీత మాత్రము కుడివైపునకు వంగును. చేతిని ఎవరును ప్రక్కకు నెట్టలేదు. క్రిందనున్న సారె జరిగిపోయినది, అంతియే. సారెమీద చీమ యున్నచో సుద్దయే ప్రక్కకు తిరిగినదని అనుకొనును.

భూమియు ఇట్టి సారెయే. మచిలీపట్నము వద్ద నేల గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగమున తూర్పునకు పోవుచున్నది. ఆ నేలమీదనున్న మనకు, దూరము పోవు గాలి ఉత్తరార్ధ గోళమున కుడివైపునకు ఒరిగినట్లు కనబడును. ఫ్రాన్సు దేశీయుడగు కొరియోలీ 1835లో తిరుగు యంత్రముల విషయమున ఈ లెక్క కట్టెను. సముద్రముపై అల్పపీడన కేంద్రమునకు నలుదిక్కులనుండి గాలి పరుగిడును. ప్రతి గాలియు కుడికి ఒరుగుటచే కేంద్రమును సూటిగా చేరజాలక, దానిని ఎడమచేతి వైపున ఉంచుకొని చుట్టు తిరుగును. భూమధ్యరేఖ చెంత ఈ వంపు లేదు గనుక అచ్చట తుఫానులు పుట్టుట మిక్కిలి అరుదు. తొట్టిలోని నీరు తూము వద్ద సుడి తిరుగుటయు దీనివలననే యని కొందరందురు, అది సరికాదు. అంత కొద్ది దూరమున ఈ వంపు తెలియనే తెలియదు.

ఇక రైతునకు పనికివచ్చు మాట. గాలికి వీపు పెట్టి నిలిచినచో తుఫాను కేంద్రము మీ ఎడమవైపున, కొంచెము ముందుకు ఉండును. సముద్రమునుండి మన తీరమునకు వచ్చు తుఫానుకు కుడి ప్రక్కన గాలి నేలమీదికి వీచి నీటిని ఎగద్రోయును. 1977 నవంబరు 19న తుఫాను చీరాల చెంత తీరము దాటగా, దానికి కుడి ప్రక్కనున్న దివిసీమను ఉప్పెన ముంచివేసి వేలమందిని బలిగొన్నది.

కేంద్రము మీ ఊరిమీదుగనే పోయినచో గాలి ఆగి, కొంతసేపు అంతయు సద్దుమణగును. పశువులను వెదకుటకో, కుప్పమీది పట్టా సర్దుటకో అప్పుడు బయలుదేరరాదు. ఆగిన గాలి ఎదురు దిక్కునుండి తిరిగి తీవ్రముగ వచ్చును. కాబట్టి కుప్పలకు మోకులు, అరటికి ఊతకర్రలు ఒక దిక్కుననే గాక రెండు దిక్కులను ముందుగనే వేయవలెను. పశువుల కట్లు విప్పి మెరకకు తోలవలెను. తీరపు పల్లెలవారు గాలి రాకమునుపే తరలవలెను. వాతావరణ శాఖవారి హెచ్చరిక తొలగు వరకు మరలి రారాదు.