పాస్‌వర్డ్‌ సరైనదే... వైఫై రాదేం?

డెస్క్‌టాప్‌లో కొత్త విండోస్‌ వేశారు. ఫోన్లో వైఫై బాగానే వస్తోంది. కంప్యూటర్‌ మాత్రం కనెక్ట్‌ కానంటోంది. అవతల అమ్మాయి ఆన్‌లైన్‌ పరీక్షకు గంటే టైముంది!

కంగారొద్దు. చాలాసార్లు చిక్కంతా పాత సెట్టింగులతోనే. ముందు వైఫై సెట్టింగుల్లో మీ నెట్‌వర్క్‌ దగ్గర 'ఫర్‌గెట్‌' నొక్కి, పాస్‌వర్డ్‌ మళ్లీ ఇవ్వండి. అప్పటికీ రాకుంటే ఫోన్ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, టెథరింగ్‌ ఆన్‌ చేయండి. పరీక్ష గట్టెక్కుతుంది. తర్వాత అదే నెట్‌తో తయారీ సంస్థ సైటు నుంచి వైఫై డ్రైవర్‌ వేసుకోవచ్చు.

ఇక మిగిలింది రౌటర్‌. అందులో సెక్యూరిటీ 'వెప్‌' అని ఉంటే 'డబ్ల్యూపీఏ2-ఏఈఎస్‌'కి మార్చండి. వెప్‌ లోపాలు 2001లోనే బయటపడ్డాయి. 2019లో వచ్చిన విండోస్‌ 10 అప్‌డేట్‌ నుంచీ దానిపై హెచ్చరిక కనిపిస్తోంది. తొందరలో పాస్‌వర్డే తీసేసి 'ఓపెన్‌' పెట్టారో... వీధిలో ఎవరైనా మీ నెట్‌లోకి వచ్చేస్తారు!