బొంబాయి దారిలో అరబ్బుల జాడలు: సంజాన్ తవ్వకాలు ఏం చెబుతున్నాయి?

మన సరిహద్దు గ్రామాలలో బొంబాయి వలసతో సంబంధం లేని కుటుంబాలు తక్కువ. నిజాం రాజ్యం నుండి తరలివెళ్ళి ఆ నగర నిర్మాణంలో చెమటోడ్చిన తెలుగు కూలీలను అక్కడివారు కామాఠీలన్నారు. వారి పేట కామాఠీపుర అయింది. ఆ పేరు మనవారు పెట్టుకున్నది కాదు, ఇతరులు పిలిచినది. ఇటువంటి కథే మరొకటి, వెయ్యేళ్ళకు పూర్వం, ఆ తీరంలోనే జరిగింది.

క్రీ.శ. 7వ శతాబ్దంలో అరబ్బులు ఇరాక్, ఇరాన్‌లను జయించారు. 712 నాటికి సింధు వారి వశమైంది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా అక్కడితో ఆగిపోతాయి. ఆ తరువాత కొంకణ తీరానికి వచ్చిన అరబ్బులలో అధికులు సైనికులు కారు, వర్తకులు. ఈ సంగతి గ్రంథాలకంటె మట్టి స్పష్టంగా చెబుతుంది.

కామాఠీపురకు చేరువలోని బొంబాయి సెంట్రల్ నుండి ఉత్తరంగా సుమారు 150 కిలోమీటర్లు వెళితే, గుజరాత్‌లో అడుగుపెట్టగానే సంజాన్ వస్తుంది. పారసీకులు తొలుత దిగిన రేవుగా అది ప్రసిద్ధం. అరబ్బులు దానిని సిందాన్ అన్నారు. 9వ శతాబ్దపు చరిత్రకారుడు బలాధురీ కథనం ప్రకారం ఫజల్ అనే సాహసి ఆ రేవును పట్టుకొని మసీదు కట్టించాడు. కుమారుల కలహం వలన పట్టు జారి, స్థానికులు ఊరిని తిరిగి గెలుచుకున్నారు. మసీదును మాత్రం ముస్లింల ప్రార్థనలకే విడిచిపెట్టారట.

2002 నుండి 2004 వరకు వరోలి నది ఒడ్డున జరిగిన తవ్వకాలలో పశ్చిమాసియా నుండి వచ్చిన నీలిపచ్చ మెరుగుపూత జాడీల పెంకులు, చైనా పింగాణీ ముక్కలు, గాజు శకలాలు దొరికాయి. పెంకు ఏ దేశపు బట్టీలో కాలిందో మట్టినీ పూతనూ పరిశీలించి నిర్ణయిస్తారు. అయితే ఆ జాడీని వాడినవాడు అరబ్బా, పారసీకుడా, హిందువా అన్నది పెంకు చెప్పదు. పెంకును చూసి మతాన్ని తేల్చేవారి మాట నమ్మవద్దు.

ఆ కొరతను తీర్చింది ఒక రాగిశాసనం. 1950ల దశకంలో సంజాన్‌కు దక్షిణాన, డహాణు తాలూకా చించణీలో కొన్ని రాగిరేకులు బయటపడ్డాయి. వాటిలో శకవర్షం 848, అనగా క్రీ.శ. 926 నాటి శాసనం సంజాన్ మండలాన్ని పాలించిన ఒక అధికారిని వర్ణిస్తుంది. అతని పేరు మధుమతి! సంస్కృతం వ్రాసే లేఖకుని కలం క్రింద ముహమ్మద్ ఆ రూపం దాల్చింది. అతడు తాజికుడు, అంటే అరబ్బు. అతడిని నియమించినవాడు రాష్ట్రకూట చక్రవర్తి రెండవ కృష్ణుడు. మధుమతి రెండు ఏరులపై ఉచితంగా పడవలు నడిపించాడు. బాటసారులకు వరి అన్నం, కూరలు, నెయ్యితో భోజనం పెట్టే సత్రం ఏర్పరచాడు. అన్నయ్య అనే బ్రాహ్మణుడు దేవి కోసం కట్టించిన మఠానికి, చక్రవర్తి మూడవ ఇంద్రుని అనుమతితో, ఒక గ్రామాన్నీ కొంత భూమినీ దానమిచ్చాడు.

ఆ చక్రవర్తుల రాజధాని మాన్యఖేటం మనకు పరాయిది కాదు. తాండూరు దాటి వాడి వైపు వెళ్ళే రైలులో సేడం తరువాత వచ్చే మల్ఖేడ్ రోడ్డు స్టేషన్ ఆ పేరుతోనే ఉంది. బొంబాయి ప్రయాణంలో మనవారు ఎందరో నిద్రలోనే దానిని దాటిపోతారు. అరబ్బు యాత్రికులు ఆ రాజును బల్హరా అని పిలిచి, భారత రాజులలో అగ్రగణ్యునిగా కొనియాడారు.

బొంబాయికి దక్షిణాన ఉన్న చౌల్ రేవును మసూదీ అనే యాత్రికుడు క్రీ.శ. 916 ప్రాంతంలో దర్శించాడు. అక్కడ సుమారు 10,000 మంది ముస్లింలున్నారనీ, వారిలో ఒమాన్, బస్రా, బాగ్దాద్ వాసులతో పాటు ఈ దేశంలోనే పుట్టినవారూ ఉన్నారనీ వ్రాశాడు. వారి తగవులు తీర్చడానికి వారిలోనే ఒకరిని రాజు పెద్దగా నియమించేవాడు. చాల్‌లో తెలుగు పెద్దమనిషి పంచాయతీ ఎరిగినవారికి ఈ ఏర్పాటు వింతగా తోచదు.

చించణీ రేకులు ఎవరో కరిగించి రాగిగా అమ్మివేసి ఉంటే మధుమతి పేరే మనకు తెలిసేది కాదు. మల్ఖేడ్ చుట్టుప్రక్కల మన పొలాలలోనూ నాగలికి పాత నాణేలు, రేకులు తగిలే అవకాశం ఉంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. రేకును తోమకండి; దొరికిన చోటును గుర్తుపెట్టుకోండి. ఏ లోతులో, ఏ పెంకుల నడుమ దొరికిందో తెలిస్తేనే దాని కాలం తేలుతుంది.