ముందు సేఫ్టీ కాలేజీ, ఆ తర్వాతే డ్రీమ్ కాలేజీ

2023లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోకు చెందిన ఒక విద్యార్థి సంగతి అమెరికా అంతటా వార్త అయింది. శాట్‌లో 1600కు 1590. జీపీఏ నాలుగుకు కాస్త తక్కువ. హైస్కూల్లో ఉండగానే డాక్యుమెంట్ల మీద ఆన్‌లైన్‌లో సంతకం చేసే సర్వీసు ఒకటి సొంతంగా తయారుచేశాడు. కంప్యూటర్ సైన్స్ కోసం 18 కాలేజీలకు అప్లై చేస్తే 16 చోట్ల సీటు ఇవ్వలేదు. కాదన్నవాటిలో ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ మాత్రమే ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. యూసీ డేవిస్, విస్కాన్సిన్, కాల్ పాలీ శాన్ లూయిస్ ఒబిస్పో కూడా ఉన్నాయి. చేర్చుకుంటామన్నవి యూటీ ఆస్టిన్, మేరీలాండ్ యూనివర్సిటీ మాత్రమే. చివరకు ఆ అబ్బాయి గూగుల్‌లో ఉద్యోగంలో చేరాడు.

ఆ వార్త చూసిన మనవాళ్లు చాలామంది ఇంత తెలివైన పిల్లాడికే రాకపోతే మన పిల్లలకేం వస్తుందని దిగులుపడ్డారు. ఆ దిగులు అర్థమయ్యేదే గానీ దానివల్ల ఒరిగేదేమీ లేదు. మన పిల్లల జాబితాలో కచ్చితంగా సీటు వచ్చే కాలేజీ ఏదన్న ప్రశ్న వేసుకుంటే మాత్రం పని జరుగుతుంది. బాగా చదివే పిల్లలున్న ఇళ్లలోనే ఈ ప్రశ్న అందరికంటే ఆలస్యంగా వస్తుంది. డ్రీమ్ కాలేజీల మీద రెండేళ్లు చర్చ నడుస్తుంది. సేఫ్టీ కాలేజీ పేరు మాత్రం డిసెంబరు చివరి వారంలో, గడువుకు ముందు రాత్రి, తోచినట్టు చేరుస్తారు.

ర్యాంకు లేని చోట

మనం పెరిగిన పద్ధతి వేరు. ఎంసెట్ రాశాం, ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్‌కు వెళ్లాం. ఏ కాలేజీలో ఏ బ్రాంచి కిందటేడు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో సీనియర్లను అడిగితే తెలిసిపోయేది. ర్యాంకు చేతిలో ఉంటే ఎక్కడ సీటు వస్తుందో, ఎక్కడ రాదో ముందే ఒక అంచనా ఉండేది.

ఇక్కడ అమెరికాలో పేరున్న కాలేజీల్లో అలాంటి గీత లేదు. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ లాంటి చోట్ల వంద మంది అప్లై చేస్తే సీటు వచ్చేది సుమారు నలుగురికే. మిగిలినవాళ్లలోనూ అక్కడ చదవగల సత్తా ఉన్నవాళ్లే ఎక్కువ. ఎస్సేలు, టీచర్ల సిఫారసు లేఖలు, చదువేతర వ్యాపకాలు, ఆ ఏడు ఆ కాలేజీకి ఎలాంటి విద్యార్థులు కావాలన్నది, అన్నీ కలిపి చూస్తారు. 1590 వచ్చిన వారిని వదిలి 1500 వచ్చిన వారిని తీసుకున్నా అడిగే వీల్లేదు.

ఎక్కువ కాలేజీలకు అప్లై చేస్తే ఎక్కడో ఒకచోట వస్తుందనే లెక్క కూడా నిలవదు. ఒక్కో కాలేజీలో పది శాతం అవకాశం ఉందనుకుని పదింటికి అప్లై చేశామనుకుందాం. ఒకదాని నిర్ణయానికి ఇంకోదానితో సంబంధం లేదనుకున్నా, పదింటిలో ఒక్కటీ రాకపోయే అవకాశం నూటికి 35. నిజానికి సంబంధం ఉంటుంది. ఒక కాలేజీకి నచ్చని ఎస్సే తక్కిన తొమ్మిదింటికీ నచ్చకపోవచ్చు. ఒకే దరఖాస్తుతో చాలా కాలేజీలకు అప్లై చేసుకునే కామన్ యాప్‌లో 20 కాలేజీల వరకు పెట్టుకోవచ్చు. ఆ ఇరవయ్యీ సీటు దొరకడం కష్టమైన రీచ్ కాలేజీలే అయితే జాబితా పొడుగు పెరుగుతుంది తప్ప భరోసా పెరగదు.

సేఫ్టీ అనుకుని మోసపోయే చోట

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మేజర్ దగ్గర. యూనివర్సిటీ మొత్తానికి వర్తించే అడ్మిషన్ శాతం చూసి ఇది సేఫ్టీ అనుకుంటారు. పిల్లలు అడిగేది కంప్యూటర్ సైన్స్. ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్‌లో మొత్తం మీద నూటికి దాదాపు నలభై మందికి సీటు వస్తుంటే కంప్యూటర్ సైన్స్‌కు నూటికి పదిమందికి కూడా రావడం లేదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ సీటు బయటి రాష్ట్రాల పిల్లలకు దొరకడం మరీ కష్టం. ముందు వేరే మేజర్లో చేరి, తర్వాత కంప్యూటర్ సైన్స్‌కు మారదామనుకుంటే ఈ రెండు చోట్లా ఆ దారి ఇరుకు.

టెక్సస్‌లో ఉన్నవారికి ఇంకో మెలిక ఉంది. స్కూల్లో పై పది శాతంలో ఉన్న పిల్లలకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఇవ్వాలని 1997లో చట్టం వచ్చింది. యూటీ ఆస్టిన్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అక్కడ ఆ గీత ఆరు శాతం దగ్గర ఉండేది, 2026 ఫాల్ అడ్మిషన్ల నుంచి అయిదు శాతానికి దిగింది. ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్లలో పోటీ గట్టిగా ఉండే పెద్ద స్కూళ్లలో పై అయిదు శాతంలో నిలవడమే ఒక పరీక్ష. నిలిచినా ఖాయమయ్యేది యూనివర్సిటీలో ప్రవేశమే, కోరిన మేజర్ కాదు. టెక్సస్ ఏ అండ్ ఎంలో ఇంజనీరింగ్‌కు సీటు వచ్చినవారు మొదటి ఏడాది జనరల్ ఇంజనీరింగే చదువుతారు. ఆ ఏడాది జీపీఏను బట్టి బ్రాంచి తేలుతుంది. అందుకని సేఫ్టీ కాలేజీ అంటే కాలేజీతో పాటు మేజర్ కూడా ఖాయమైనదై ఉండాలి.

లెక్క వేసి చూసుకోగల కాలేజీలు

చాలా ప్రభుత్వ యూనివర్సిటీలు తమ నిబంధనలను వెబ్‌సైట్లో బహిరంగంగా పెడతాయి. అయోవా స్టేట్ యూనివర్సిటీ దీనికి చక్కటి ఉదాహరణ. ఏసీటీ స్కోరును మూడుతో, జీపీఏను ముప్ఫైతో, హైస్కూల్లో చదివిన కోర్ కోర్సుల సంవత్సరాలను అయిదుతో గుణించి మూడూ కూడతారు. మొత్తం 245 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే సీటు. ఏసీటీ 33, జీపీఏ 4.0, కోర్ కోర్సులు 18 సంవత్సరాలు ఉన్న పిల్లల లెక్క 99, 120, 90 కలిపి 309. ఇందులో ఊహకు తావు లేదు. శాట్ రాసినవారి స్కోరును ఏసీటీలోకి మార్చి ఇదే లెక్క వేస్తారు.

ఆరిజోనా స్టేట్ కూడా కనీస అర్హతలను ముందే ప్రకటిస్తుంది. అక్కడి బారెట్ ఆనర్స్ కాలేజీకి దేశంలో మంచి పేరుంది. డాలస్ చుట్టుపక్కల ఉన్నవారికి యూటీ డాలస్ పక్కనే ఉంది, పై పది శాతంలో ఉన్నవారికి అడ్మిషన్ ఖాయం. కాలిఫోర్నియాలో పై తొమ్మిది శాతంలో ఉన్న పిల్లలకు యూసీ క్యాంపస్‌లలో ఎక్కడో ఒకచోట, ఖాళీ ఉంటే, సీటు ఇస్తామంటారు. ఆ చోటు చాలావరకు మెర్సెడ్ అవుతుంది. శాట్, ఏసీటీ స్కోర్లను యూసీలు అసలు చూడవు గనుక 1590 అక్కడ అక్కరకు రాదు. బే ఏరియాలో చాలామంది ఇంటికి దగ్గరని సాన్ హోసే స్టేట్‌ను సేఫ్టీగా రాసుకుంటారు. అక్కడ కంప్యూటర్ సైన్స్‌కు పోటీ తీవ్రం. కాకపోతే ఏ మేజర్‌కు కిందటేడు ఎంత స్కోరు దగ్గర ఆగిందో వాళ్లే ప్రకటిస్తారు. ఆ పట్టిక చూస్తే మనకు కౌన్సెలింగ్ రోజులు గుర్తుకొస్తాయి. ఆ అంకెను మీ పిల్లల అంకెతో పోల్చి చూశాకే దాన్ని సేఫ్టీ అనండి.

జవాబు తొందరగా చెప్పే కాలేజీ అయితే ఇంకా మేలు. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ లాంటివి దరఖాస్తులను వచ్చినవి వచ్చినట్టే పరిశీలించి నిర్ణయం చెబుతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో పంపితే చాలామందికి చలికాలం ముదరకముందే జవాబు వచ్చేస్తుంది. ఒక సీటు చేతిలో ఉంటే మిగతా ఎస్సేలు రాసే పిల్లల తీరే మారుతుంది.

తమ కాలేజీ మీకు తక్కువని వాళ్లనుకుంటే

బాగా చదివే పిల్లలకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. కొన్ని ప్రైవేటు కాలేజీలు, ఈ అమ్మాయి మా దగ్గర చేరదు, పెద్ద కాలేజీకి పోతుంది అనుకుంటే వెయిట్‌లిస్టులో పెడతాయి. ఇచ్చిన సీట్లలో ఎన్ని నిండాయన్నది వాటికి ముఖ్యం. దీన్ని ముందే పసిగట్టవచ్చు. చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం విడుదల చేస్తాయి. కాలేజీ పేరుతో కలిపి గూగుల్‌లో వెతికితే దొరుకుతుంది. అందులో సి7 అనే పట్టిక తెరవండి. మార్కులు, ఎస్సే, సిఫారసులు ఒక్కో వరుసలో ఉంటాయి. దేనికెంత ప్రాధాన్యమో ఎదురుగా టిక్కు ఉంటుంది. చివరి వరుసల్లో ‘దరఖాస్తుదారు చూపిన ఆసక్తి’ అని ఒకటుంటుంది. అక్కడ చాలా ముఖ్యం అనో, ముఖ్యం అనో ఉంటే ఆ కాలేజీని ఊరికే సేఫ్టీగా వదిలేయకూడదు. క్యాంపస్ చూడాలి, ఆన్‌లైన్ సమావేశాలకు వెళ్లాలి, ఆ కాలేజీయే ఎందుకో ఎస్సేలో శ్రద్ధగా రాయాలి.

ఫీజు కట్టగలిగితేనే సేఫ్టీ

సీటు వచ్చినా చేర్చలేని కాలేజీ సేఫ్టీ కాదు. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో ఏడాది ఖర్చు ఇప్పుడు 90 వేల డాలర్లు దాటింది. ఐవీ లీగ్ కాలేజీలు ప్రతిభ చూసి స్కాలర్‌షిప్ ఇవ్వవు, కుటుంబ ఆదాయాన్ని బట్టే సాయం చేస్తాయి. ఇంట్లో ఇద్దరూ ఐటీ ఉద్యోగాలు చేస్తుంటే ఆ సాయం చాలామందికి రాదు. మీకెంత పడుతుందో అప్లై చేయకముందే తెలుసుకోవచ్చు. ఫెడరల్ చట్టం ప్రకారం 2011 నుంచి ప్రతి కాలేజీ వెబ్‌సైట్లోనూ నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉండాలి. పన్ను పత్రాలు పక్కన పెట్టుకుని కూర్చుంటే అరగంటలో ఒక అంకె వస్తుంది.

బాగా చదివే పిల్లలకు డబ్బు కలిసొచ్చేది చాలాసార్లు సేఫ్టీ కాలేజీలోనే. అలబామా యూనివర్సిటీ జీపీఏ, టెస్ట్ స్కోర్లను బట్టి ఎంత స్కాలర్‌షిప్ ఇస్తుందో ముందే ప్రకటిస్తుంది. నేషనల్ మెరిట్ ఫైనలిస్టులకు అలబామా, యూటీ డాలస్ పెద్ద ప్యాకేజీలు ఇస్తాయి. జార్జియాలో జెల్ మిల్లర్, ఫ్లోరిడాలో బ్రైట్ ఫ్యూచర్స్ పథకాల్లో పై స్థాయి అర్హత ఉన్నవారికి సొంత రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుంది. డాక్టర్ కావాలనుకునే పిల్లల ఇళ్లలో ఈ లెక్క ఇంకా ముఖ్యం. మెడికల్ స్కూళ్లు ముందుగా చూసేది కాలేజీ జీపీఏ, ఎంక్యాట్ స్కోరు. అండర్ గ్రాడ్‌లో మిగిల్చిన డబ్బు ఆ తర్వాతి నాలుగేళ్లకు పనికొస్తుంది.

గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలు ఇంకో అడుగు ముందుగా వేయాలి. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సాయం వర్తించదు. ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుందా లేదా అన్నది రాష్ట్రానికో తీరు. 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది, అది సరిగ్గా కాలేజీ మధ్యలో వస్తుంది. అప్పుడు ఫీజు మారుతుందా, స్కాలర్‌షిప్ కొనసాగుతుందా అని అడ్మిషన్ ఆఫీసును ముందే అడిగి, జవాబు ఈమెయిల్లో తీసుకోండి. ఈ ప్రశ్నలకు స్పష్టమైన జవాబు ఇచ్చిన కాలేజీనే మీ సేఫ్టీగా పెట్టుకోండి.

చిన్న పేరున్న కాలేజీ వల్ల నష్టమా?

ఈ ప్రశ్న మీద ఆర్థికవేత్తలు చాలాకాలంగా పని చేస్తున్నారు. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే సత్తా ఉన్న విద్యార్థుల్లో పేరున్న కాలేజీలో చదివినవారికీ, అంత పేరు లేని చోట చదివినవారికీ తర్వాతి సంపాదనలో పెద్దగా తేడా కనబడలేదు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ మేలు చేసింది. రాజ్ చెట్టి బృందం 2023లో మరో కోణం చూపింది. ఐవీ స్థాయి కాలేజీల్లో చదివితే సగటు ఆదాయం అంతగా పెరగదు, కానీ దేశంలో అత్యధికంగా సంపాదించే ఒక శాతంలోకి చేరే అవకాశం బాగా పెరుగుతుంది. రెండూ కలిపి చదివితే తేలేది ఒకటే. పెద్ద కాలేజీకి ప్రయత్నించడంలో అర్థం ఉంది, అది రాకపోతే బతుకు పోయినట్టు బాధపడటంలో లేదు.

మన హైదరాబాద్ నుంచే ఒక ఉదాహరణ ఉంది. సత్య నాదెళ్లకు ఐఐటీలో సీటు రాలేదు. మణిపాల్‌లో ఇంజనీరింగ్ చదివి, విస్కాన్సిన్ యూనివర్సిటీ మిల్వాకీ క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ చేశారు. 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. అందరూ నాదెళ్ల కాలేరు. కానీ మొదటి కాలేజీ పేరు దగ్గరే దారి ముగిసిపోదనడానికి ఈ ఒక్క సాక్ష్యం చాలు. ప్రభుత్వ యూనివర్సిటీల ఆనర్స్ కాలేజీల్లో చిన్న క్లాసులు, ముందుగా కోర్సులు ఎంచుకునే వీలు, ప్రొఫెసర్ల దగ్గర పరిశోధనకు అవకాశం ఉంటాయి. అక్కడ మీ అమ్మాయి మొదటి వరుసలో ఉంటుంది.

ఇంట్లో మాట

ఇంత లెక్క వేసినా, ఇంట్లో ఒక్క మాటతో అంతా చెడిపోవచ్చు. “ఏదీ రాకపోతే అక్కడికి పోదువులే” అని అమ్మానాన్నలు ఒక్కసారి అంటే చాలు, ఆ కాలేజీ పిల్లల దృష్టిలో శిక్ష అయిపోతుంది. మార్చి నెలాఖరులో మిగతా జవాబులన్నీ నిరాశపరిచినప్పుడు వాళ్లు చేరాల్సింది ఆ కాలేజీలోనే. స్నేహితులెవరికి ఎక్కడ వచ్చిందో వాట్సాప్ గ్రూపుల్లో మోగుతున్న ఆ వారంలో, మనం ఏడాది క్రితం అన్న మాటే వాళ్లకు గుర్తుంటుంది. అందుకే పార్టీల్లో, ఫోన్లో అమ్మమ్మ, తాతయ్యలతో మాట్లాడేటప్పుడు కూడా ఆ పేరును గౌరవంగా చెప్పండి.

పదకొండో తరగతి పూర్తవుతున్న పిల్లలున్నవారు ఈ వేసవిలో మొదటి క్యాంపస్ టూర్ సేఫ్టీ కాలేజీకే పెట్టుకోండి. అక్కడ డైనింగ్ హాల్లో భోంచేయండి, డిపార్ట్‌మెంట్లో ఒక ప్రొఫెసర్‌నో సీనియర్‌నో కలవండి. వెళ్లొచ్చాక, అక్కడ నాలుగేళ్లు సంతోషంగా ఉంటావా అని పిల్లల్ని అడగండి, వాళ్లు చెప్పింది వినండి. మేజర్ ఖాయమై, ఫీజు కట్టగలిగి, పిల్లలు ఇష్టపడిన కాలేజీలు రెండు దొరికితే చాలు. ఆగస్టు 1న కామన్ యాప్ తెరుచుకునే నాటికి ఆ రెండు పేర్లూ తేలి ఉంటే, ఆ పైన ఎంత పెద్ద కాలేజీకైనా ధైర్యంగా అప్లై చేసుకోవచ్చు.