చుక్కల లెక్క

పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని గేమింగ్ కంప్యూటర్ కొనడానికి వచ్చిన తండ్రి, నెల్లూరులో కానీ కావలిలో కానీ, షాపు కౌంటరు దగ్గర మొదట అడిగే మాట ఇదే: “కార్డు ఎన్ని జీబీలబ్బయా?” షాపతను నాలుగు, ఎనిమిది, పన్నెండు అంటూ మూడు అట్టపెట్టెలు ముందు పెడతాడు. ఇక బేరమంతా జీబీల మీదే. పక్కన నిలబడ్డ పిల్లాడికి ఇది సరైన పద్ధతి కాదని తెలుసు, ఫోనులో బోలెడన్ని వీడియోలు చూసి మరీ వచ్చాడు. కానీ నాన్న బేరమాడుతుంటే మధ్యలో ఏం మాట్లాడతాడు?

జీబీలు చెప్పేది గ్రాఫిక్స్ కార్డు ఎంత సరుకు తన దగ్గర పెట్టుకోగలదన్నదే. ఎంత పని చేయగలదన్నది వేరే సంగతి. అసలు మొదట అడగాల్సింది కార్డు గురించి కాదు, దాన్ని తగిలించబోయే మానిటర్ గురించి. అదెందుకో తెలియాలంటే ఈ యంత్రం పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ వచ్చినప్పుడు దాంతోపాటు అమ్మిన రంగుల కార్డు పేరు సీజీఏ. తెర మీద అడ్డంగా 320, నిలువుగా 200, మొత్తం 64,000 చుక్కలు. ఒక్కో చుక్కకి నాలుగు రంగుల్లో ఏదో ఒకటి. కార్డు మీద ఉన్న మెమరీ 16 కిలోబైట్లు; ఆ చుక్కలకి అటూ ఇటుగా సరిపోయేది. ఆ కార్డుకి బొమ్మ గీయడం రాదు. గీసేదంతా ప్రాసెసర్, గీసినదాన్ని తెరకి చేరవేయడం వరకే కార్డు వంతు.

ఉత్తరాలకీ పద్దులకీ అది చాలింది. చిక్కంతా త్రీడీ గేములతో వచ్చింది. తెర మీద ఒక కారు మలుపు తిరిగిందనుకోండి. కంప్యూటర్ లోపల ఆ కారు వేల త్రిభుజాల కూర్పు. అది కాస్త కదిలినా ప్రతి త్రిభుజం మూడు మూలలూ ఎక్కడికి జరిగాయో లెక్క కట్టాలి. జరిగాక ఆ త్రిభుజం తెర మీద ఏయే చుక్కల్ని కప్పుతుందో తేల్చాలి. ఒకే చుక్క మీదికి రెండు త్రిభుజాలు వస్తే ఏది ముందుందో చూసి వెనకదాన్ని వదిలేయాలి. ముందున్నదాని మీద ఎండ ఎటునుంచి పడుతోందో, అక్కడి పెయింటు నున్నగా ఉందో దుమ్ము పట్టిందో చూసి, ఆ ఒక్క చుక్కకి రంగు ఖాయం చేయాలి. ఇదంతా సెకనులో అరవయ్యో వంతులో, అంటే సుమారు పదహారున్నర మిల్లీసెకన్లలో ముగియాలి. ముగిసీ ముగియగానే మళ్లీ మొదటినుంచి మొదలు.

ఇప్పుడు ఇళ్లలో ఉండే మామూలు మానిటర్ 1920×1080ది. దాని మీద 20,73,600 చుక్కలుంటాయి. సెకనుకి అరవై బొమ్మలంటే 12 కోట్ల 44 లక్షల సార్లు రంగు తేల్చాలి. ఒక్కో లెక్క చూస్తే చిన్నదే. పైగా ఈ చుక్క రంగు తేల్చడానికి పక్క చుక్క పని అయ్యేదాకా ఆగాల్సిన అవసరం దాదాపు ఉండదు. ప్రాసెసర్ ఎంత తెలివైనదైనా దానికి కోర్లు కొన్నే, వరసలో ఒకదాని తర్వాత ఒకటి చేసుకుంటూ పోవాలి. పెన్నా డెల్టాలో నాట్ల రోజున ముప్పైమంది ఆడవాళ్లు వరసగా వంగి ఒక్కసారే నాటుకుంటూ వెనక్కి జరుగుతారు; ఆ మడిలోకి వ్యవసాయంలో డాక్టరేటు చేసిన ఒక్క ఆఫీసర్ని దించితే నాటు ఎప్పటికయ్యేను? గ్రాఫిక్స్ చిప్పులో ఉన్నది ఆ వరసే, కాకపోతే మనుషులు వేలల్లో.

ఈ పనికని ప్రత్యేకంగా చిప్పులు చేయడం 1980లలోనే సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ మొదలుపెట్టింది. ఆ యంత్రాలు హాలీవుడ్ స్టూడియోలూ పెద్ద కంపెనీలూ కొనుక్కునేవి, ఇళ్లకి వచ్చే ధరలు కావు. అక్కడ పనిచేసిన ఇంజినీర్లు కొందరు 1994లో త్రీడీఎఫ్ఎక్స్ అనే కంపెనీ పెట్టి, 1996లో వూడూ కార్డు తెచ్చారు. ఆ ఏడాది మెమరీ చిప్పుల ధరలు పడిపోవడం వాళ్లకి కలిసొచ్చింది. తమాషా ఏమిటంటే వూడూకి గేము తప్ప మామూలు తెర చూపించడం రాదు. ఉత్తరం టైపు చేసుకోవాలంటే పాత కార్డు పక్కనే ఉండాలి, రెండింటికీ పెట్టె వెనకనుంచి ఒక కేబుల్ కలపాలి. ఒకే ఒక్క పని వచ్చిన ఆ కార్డుని అప్పటి కుర్రాళ్లు ఎగబడి కొన్నారు.

ఎన్‌విడియా కథ ఇంకా ఇరకాటంగా నడిచింది. జెన్‌సెన్ హ్వాంగ్, క్రిస్ మలకోవ్‌స్కీ, కర్టిస్ ప్రీమ్ కలిసి 1993లో పెట్టిన ఆ కంపెనీ మొదటి చిప్పు ఎన్‌వీ1, త్రిభుజాలు కాకుండా వంపు తిరిగిన నాలుగు మూలల పలకలతో బొమ్మ కట్టేది. గుండ్రటి వస్తువులకి అది బాగుంటుందని వాళ్ల అంచనా. మైక్రోసాఫ్ట్ తన గ్రాఫిక్స్ ప్రమాణం డైరెక్ట్ త్రీడీలో త్రిభుజం వైపు మొగ్గింది. మూడు బిందువుల్ని ఎక్కడ పెట్టినా ఒకే సమతలంలో ఉంటాయి. నాలుగోది చేరితే ఆ భరోసా పోతుంది, లెక్క బరువెక్కుతుంది. ఎన్‌వీ1 అమ్ముడుపోలేదు. సగానికి పైగా ఉద్యోగుల్ని తీసేయాల్సి వచ్చింది. జపాన్ గేముల కంపెనీ సెగా పెట్టిన 50 లక్షల డాలర్లతో ఊపిరి పీల్చుకుని, 1997లో త్రిభుజాలతోనే రివా 128 తెచ్చి బతికి బట్టకట్టింది. 1999లో వచ్చిన జీఫోర్స్ 256 త్రిభుజాల మూలల్ని జరిపే లెక్కని కూడా ప్రాసెసర్ దగ్గర్నుంచి తీసుకుంది. ప్రపంచంలో మొదటి జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసింగ్ యూనిట్) అని దానికి ప్రచారం చేశారు కానీ, ఆ మాట సోనీ వాళ్లు ప్లేస్టేషన్‌కి 1994లోనే వాడారు. 2000 చివరికి త్రీడీఎఫ్ఎక్స్ ఆస్తులు ఎన్‌విడియా చేతికే వచ్చాయి.

ఆ తర్వాతి మలుపు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. చుక్కకి రంగు తేల్చే సూత్రాన్ని ప్రోగ్రామరే రాసుకునే వీలు 2001 నుంచి వచ్చింది. అలాంటప్పుడు ఆ సూత్రం రంగుదే ఎందుకు కావాలి? 2006లో 8800 జీటీఎక్స్ కార్డూ, దాంతోపాటు కుడా అనే ప్రోగ్రామింగ్ పద్ధతీ ఆ తలుపు తెరిచాయి. మరుసటి ఏడాదే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పవన్ హరీశ్, పి.జె. నారాయణన్ అదే 600 డాలర్ల గేమింగ్ కార్డు మీద, కోటి కూడళ్లున్న వలలో ఒకచోటి నుంచి మిగతా చోట్లన్నిటికీ దగ్గరి దారుల్ని ఒకటిన్నర సెకనులో పట్టి చూపించారు.

ఇక మన తీరం సంగతి. శ్రీహరికోట 2022లో జిల్లాల విభజనలో తిరుపతి వైపు పోయింది కానీ, రాకెట్ లేచినప్పుడు మేడల మీదికి ఎక్కి చూసే అలవాటు నెల్లూరువాళ్లకి పోలేదు. ఆ రాకెట్ లేవకముందు దాని చుట్టూ గాలి ఎలా పారుతుందో కంప్యూటర్లో చూస్తారు. గాలిని లక్షల చిన్న గదులుగా విడగొట్టి, ఒక్కో గదిలో ఒత్తిడి ఎంత, వేగం ఎంత అని కడతారు. గది మారుతుంది కానీ లెక్క అదే. చుక్కల లెక్కకీ దీనికీ పోలిక ఇంజినీర్లకి తెలియనిది కాదు. 2011 మేలో తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్‌లో సాగా-220 అనే సూపర్ కంప్యూటర్ ప్రారంభమైంది. సుమారు 14 కోట్ల ఖర్చుతో, 400 ప్రాసెసర్లకి తోడు 400 ఎన్‌విడియా టెస్లా 2070 కార్డులు పెట్టి కట్టారు. ఆ టెస్లాలో ఉన్న చిప్పు, అప్పట్లో కుర్రాళ్లు గేములకి కొన్న జీటీఎక్స్ 470లోనిదీ ఒకే కుటుంబం. రెండింటిలోనూ 448 కోర్లే.

తేడా మాత్రం ఒకటుంది. రాకెట్ లెక్కకి దాదాపు పదహారు అంకెల కచ్చితత్వం కావాలి. గేములో కారు రంగుకి ఏడంకెలు చాలు. అందుకని గేమింగ్ కార్డుల్లో ఆ పదహారంకెల పనితనాన్ని బాగా తగ్గించేస్తారు. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 ఏడంకెల లెక్కలు సెకనుకి 15 లక్షల కోట్లు చేస్తుంది. పదహారంకెలవైతే అందులో 64వ వంతు. ఆ ఒక్క విషయంలో 2011 నాటి ఆ టెస్లాలో సగం కూడా చేయలేదు. పిల్లాడి కార్డుని అంతరిక్షానికి తయారుచేశారని షాపులో ఎవరైనా చెబితే ఇది గుర్తు చేయండి.

2012లో టొరంటో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కృత్రిమ మేధ ప్రోగ్రాము అలెక్స్‌నెట్, ఫోటోల్లో ఏముందో గుర్తుపట్టడం నేర్చుకున్నది రెండు జీటీఎక్స్ 580 గేమింగ్ కార్డుల మీదే. అక్కణ్ణుంచి కృత్రిమ మేధ కంపెనీలన్నీ ఈ చిప్పుల వెంటపడ్డాయి. 2020 మధ్యలో ఎన్‌విడియాకి గేముల రాబడిని డేటా సెంటర్ల రాబడి మొదటిసారి దాటింది. మధ్యలో క్రిప్టో నాణేల తవ్వకందార్లు అంగళ్లు ఊడ్చేశారు. పిల్లల కోసం పుట్టిన సరుకుకి పిల్లల తండ్రులు క్యూలో చివరికి వెళ్లారు. ధరలు దిగిరాకపోవడంలో ఈ చరిత్ర పాత్ర చాలా ఉంది.

ఈ రంగంలో మనవాడొకాయన ఉన్నాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన రాజా కోడూరి. ఎస్3, ఏటీఐ, యాపిల్, ఏఎండీ, ఇంటెల్, అన్ని చోట్లా గ్రాఫిక్సే ఆయన పని. ఏఎండీలో గ్రాఫిక్స్ విభాగానికి ఆయన పెద్దగా ఉన్నప్పుడు, 2016 జూన్‌లో, ఆర్‌ఎక్స్ 480 అనే కార్డు 199 డాలర్లకి వచ్చింది. మధ్యతరగతి ఇంట్లో మంచి గేము ఆడించాలన్న పట్టుదల ఉన్న కార్డది. వచ్చిన వారంలోనే ఒక లోపం బయటపడింది. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డు 75 వాట్లకి మించి లాగకూడదన్నది నియమం, ఇది దాన్ని దాటింది. జులైలో సాఫ్ట్‌వేర్ సవరణతో సర్దారు.

ఆ 75 అనే అంకె కొనేవాళ్లకి పనికొస్తుంది. అంతకు మించి తాగే కార్డుకి పవర్ సప్లై నుంచి వేరే కేబుల్ రావాలి. ఆఫీసులో వాడి పక్కన పెట్టిన పాత కంప్యూటర్‌కే కార్డు తగిలించాలనుకుంటే ఆ కేబుల్ తరచుగా ఉండనే ఉండదు. అలాంటిచోట 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 ఆరు జీబీ రకం సరిపోతుంది. ఎనిమిది జీబీ 3050 వేరే కార్డు అని మరవొద్దు: దాంట్లో 2,560 కోర్లు, దీంట్లో 2,304. తేడా జీబీలది మాత్రమే అనుకుని జనం మోసపోయేది ఇక్కడే. ఇంతకన్నా దారుణం జీటీ 1030. ఒకటే పేరు, రెండూ రెండు జీబీలే. ఒకదానికి జీడీడీఆర్5 మెమరీ, రెండోదానికి డీడీఆర్4. మెమరీ నుంచి సమాచారం వచ్చే వేగం రెండోదాంట్లో మూడో వంతుకి పడిపోతుంది. అందుకే బిల్లులో మెమరీ రకం కూడా రాయించుకోవాలి.

ఇప్పుడు మానిటర్ దగ్గరికి రండి. ఇంట్లో ఉన్నది 1080, అరవై హెర్ట్‌జ్ అయితే కార్డు సెకనుకి 150 బొమ్మలు గీసినా తెర చూపించేది అరవయ్యే. 4కే తెరకి చుక్కలు 82,94,400, అంటే నాలుగింతల పని. ఆ తెర కొనే ఉద్దేశం లేనప్పుడు అంత పని చేసే కార్డుకి డబ్బు పెట్టడం దండగ. తర్వాత పిల్లాడు ఏం ఆడతాడో అడగండి. వాలరెంట్ పాత, చవక కార్డుల మీద కూడా చక్కగా నడుస్తుంది. మైన్‌క్రాఫ్ట్ మామూలు రూపంలో ఎక్కువగా ప్రాసెసర్ మీద ఆధారపడుతుంది. కొత్త పెద్ద గేములు ఆడతానంటే మాత్రం ఎనిమిది జీబీలకి తగ్గొద్దు. గోడలకీ బట్టలకీ అతికించే బొమ్మలు కార్డు మెమరీలో పట్టకపోతే ప్రతిసారీ బయటినుంచి తెచ్చుకోవాలి, అప్పుడే ఆట కుదుపులతో ఆగి ఆగి సాగుతుంది. జీబీల లెక్క అక్కరకొచ్చేది అక్కడ. ఆర్‌టీఎక్స్ 4060 లాంటి 115 వాట్ల కార్డు, దానికి తోడు పేరున్న కంపెనీ 550 వాట్ల పవర్ సప్లై, 1080 తెరకి ధారాళంగా చాలు. పవర్ సప్లైలో మిగిల్చిన డబ్బుతో పెద్ద కార్డు కొనే ఆలోచనకి నేను పూర్తిగా వ్యతిరేకం.

మైపాడులోనో, ఇస్కపల్లిలోనో, సముద్రపు గాలి కొట్టే ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. ఆ గాలిలో వచ్చే ఉప్పు దుమ్ముతో కలిసి కార్డు రెక్కల మీదా, సోల్డరు చుక్కల మధ్యా కూర్చుంటుంది. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పట్టి తడిపొరగా మారుతుంది. ఉప్పునీటి పొర కరెంటుని పోనిస్తుంది, రాగిని తింటుంది. రోజూ వాడే కంప్యూటర్ వేడికి ఆ తడి ఆరిపోతుంది. పరీక్షలని మూడు నెలలు మూలపెట్టిన కంప్యూటర్‌కే ముప్పు ఎక్కువ. కిటికీకి ఎదురుగా పెట్టకుండా, ముందువైపు జల్లెడ ఉన్న కేబినెట్ తీసుకుని, నెలకోసారి పొడి బ్రష్షుతో దులపడం నయం.

చెన్నై రిచీ స్ట్రీటులో సెకండ్ హ్యాండ్ కార్డులు బోలెడు దొరుకుతాయి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే క్రిప్టో నాణెం తన పద్ధతి మార్చుకోవడంతో తవ్వకానికి వాడిన కార్డులు గుట్టలుగా సంతకొచ్చాయి, కొన్ని ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. రాత్రింబవళ్లు తిరిగిన కార్డులో చిప్పుకన్నా ముందు ఫ్యాన్లు అరుగుతాయి, చిప్పుకీ లోహపు రెక్కలకీ మధ్య పేస్టు ఎండుతుంది. కాబట్టి డబ్బివ్వకముందు అక్కడే ఒక బరువైన గేము అరగంట నడిపించమనండి. ఫ్యాను గరగరమంటోందా వినండి, వేడి ఎంత చూపిస్తోందో చూడండి. చాలా ఎన్‌విడియా కార్డులు 83 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. షాపులో ఏసీ ఉంటుంది. పిల్లాడి గదిలో లేకపోతే రోహిణి కార్తెలో ఆ గది వేడి షాపుకన్నా పది పన్నెండు డిగ్రీలు పైనే, కార్డు వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. షాపులోనే 75 చూపించిన కార్డుని అక్కడే వదిలేసి రండి.