ఒక తొట్టెలో ఎన్ని చేపలు?

అక్వేరియం పెంపకంలో అన్నిటికంటే తరచుగా వినిపించే ప్రశ్న, ఇంత పరిమాణమున్న తొట్టెలో ఎన్ని చేపలను ఉంచవచ్చు అన్నది. దీనికి మంచినీటి చేపలను పెంచేవారు చెప్పే జవాబుకూ, సముద్రపు చేపలను పెంచేవారు చెప్పే జవాబుకూ ఎంత తేడా ఉంటుందంటే, 200 లీటర్ల తొట్టెలో మొదటివారు ముప్పై నియాన్ టెట్రాలను నిశ్చింతగా వదిలితే, రెండవవారు నాలుగైదు చిన్న చేపలతో ఆగిపోతారు. కొందరు దీనిని అలవాటుగానో అతిజాగ్రత్తగానో భావిస్తారు గాని, దీని వెనుక నీటి రసాయనధర్మమూ, చేప శరీరధర్మమూ, ఆ చేప జాతి పుట్టిపెరిగిన చోటి జీవనరీతీ కలిసి ఉన్నాయి. అన్నీ సవ్యంగా నడిచే రోజును బట్టి గాక, ఏదో ఒకటి చెడిన రోజును బట్టి తొట్టె సామర్థ్యాన్ని కొలవాలని గుర్తిస్తే, ఇరువురి లెక్కలూ ఒకే నియమం నుంచి పుట్టినవేనని తెలుస్తుంది.

మంచినీటి పెంపకందారులలో చాలాకాలంగా చలామణిలో ఉన్న సూత్రం ‘గాలనుకు అంగుళం’, అంటే సుమారు 3.8 లీటర్ల నీటికి ఒక అంగుళం పొడవున్న చేప అన్న లెక్క. గుర్తుపెట్టుకోవడానికి ఇది సులువే అయినా, చేప బరువు పొడవు యొక్క ఘనాన్ని అనుసరించి పెరుగుతుందన్న సంగతి ఇందులో లేదు. అంగుళం పొడవున్న చేపలు పది కలిసి తూగే బరువుకు, అదే ఆకారంలో పది అంగుళాలున్న ఒక్క చేప దాదాపు వంద రెట్లు తూగుతుంది. తినే మేత, పీల్చే ప్రాణవాయువు, విడిచే వ్యర్థం సరిగ్గా అదే నిష్పత్తిలో కాకపోయినా అనేక రెట్లు పెరుగుతాయి. అందువల్ల ఈ సూత్రం చిన్న చేపల గుంపుకు కొంతవరకు పనికివచ్చినా, ఆస్కార్, గోల్డ్ ఫిష్ వంటి బరువైన చేపల దగ్గర ఘోరంగా తప్పుతుంది. దుకాణంలో రెండంగుళాలున్న గోల్డ్ ఫిష్ సరైన పోషణ దొరికితే ఎనిమిది అంగుళాలు దాటి పెరుగుతుంది గనుక, ఎదిగిన తరువాతి పొడవుకే లెక్క వేయాలి. సముద్రపు తొట్టెలవారు ఇదే సూత్రాన్ని వాడినా, అంగుళానికి ఐదు గాలన్ల దాకా నీటిని కేటాయిస్తారు.

ఈ ఐదు రెట్ల తేడాకు మొదటి కారణం అమ్మోనియా. చేప మొప్పల ద్వారా విడిచే ఈ వ్యర్థాన్ని వడపోత పదార్థం మీద పెరిగే సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగానూ, తరువాత నైట్రేటుగానూ మారుస్తాయి. కొత్త తొట్టెలో ఈ సూక్ష్మజీవులు తగినంతగా వృద్ధి చెందే వరకు, అంటే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల వరకు వేచి ఉండటాన్నే పెంపకందారులు ‘సైక్లింగ్’ అంటారు. అయితే నీటిలోని అమ్మోనియా అంతా ఒకే రూపంలో ఉండదు. విద్యుదావేశం ఉన్న అమ్మోనియం రూపం మొప్పల గుండా సులభంగా లోపలికి పోలేదు గనుక దాని హాని తక్కువ. ఆవేశం లేని రూపమే ప్రాణాంతకమైనది. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ విలువ 7 ఉన్న నీటిలో, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఈ విషరూపం మొత్తంలో నూటికి అర పాలు మాత్రమే ఉండగా, పీహెచ్ 8.2 దగ్గర నిలిచే సముద్రజలంలో అది పది రెట్లకు మించుతుంది. ఒక చేప చచ్చి రాళ్ల వెనుక కనబడకుండా ఉండిపోయినప్పుడు మంచినీటి తొట్టె తట్టుకోగలిగిన అమ్మోనియా, సముద్రపు తొట్టెలో మిగిలిన చేపలనూ తీసుకుపోవడానికి చాలవచ్చు.

రెండవ కారణం ప్రాణవాయువు. లవణాలు కరిగిన నీటిలో వాయువులు కరగడానికి చోటు తగ్గుతుంది: 25 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, లీటరుకు 35 గ్రాముల లవణాలున్న సముద్రజలంలో సుమారు 6.7 మిల్లీగ్రాములే కరుగుతుంది. వేడి పెరిగే కొద్దీ రెండు విలువలూ ఇంకా పడిపోతాయి కాబట్టి, వేసవి రాత్రి కరెంటు పోయి పంపు ఆగినప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. భీమవరం పరిసరాల రొయ్యల చెరువుల్లో తెల్లవారుజాము వేళ ఏరేటర్ల చక్రాలు ఆగకుండా చూసుకునే రైతుకు ఈ లెక్క ఎవరూ వేరుగా చెప్పనక్కరలేదు. మంచినీటి వైపు ఇంకొక వెసులుబాటు కూడా ఉంది: గౌరామీలు, బెట్టాలు తలలోని ప్రత్యేక అవయవంతో నేరుగా గాలి పీల్చగలవు, మన కొర్రమీను కూడా ఇలా గాలి పీల్చే చేపే గనుక, బజారులో కొద్దిపాటి నీటిలోనే గంటల తరబడి ప్రాణంతో ఉంటుంది. పగడపు దిబ్బల మీది చేపలకు అటువంటి ఆధారం లేదు.

శరీరధర్మం సంగతి ఇంకా లోతైనది. చేప రక్తంలోని లవణ సాంద్రత సముద్రజలంలో దాదాపు మూడోవంతు ఉంటుంది గనుక, మంచినీటి చేప శరీరంలోకి నీరు నిరంతరం చొరబడుతుంది, అది పలుచని మూత్రాన్ని ధారాళంగా విడుస్తుంది. సముద్రపు చేప శరీరం నుంచి నీరు బయటికి పోతుంది, అది సముద్రజలాన్నే తాగి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా వెలికి నెట్టుకుంటుంది. సముద్రం నుంచి వరద గోదావరిలోకి ఎదురీదే పులస ఈ యంత్రాంగాన్నంతా దారిలోనే తిరగవేసుకోవడం చేపల లోకంలో గొప్ప విశేషం. అక్వేరియం చేపలలో అత్యధికం ఆ పని చేయలేవు. ఉప్పు ఒక్క విషయంలో మాత్రం రక్షణ ఇస్తుంది. మంచినీటి చేప క్లోరైడును కూడగట్టుకోవడానికి వాడే మొప్పల మార్గం గుండానే నైట్రైటు కూడా రక్తంలోకి చేరి, ప్రాణవాయువును మోసే శక్తిని హరిస్తుంది. సముద్రజలంలో క్లోరైడు అపారంగా ఉండటం వల్ల నైట్రైటుకు ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది.

రసాయనాల లెక్క అంతా సరిపోయినా, సముద్రపు తొట్టెలో చేపల సంఖ్య మరొకచోట ఆగిపోతుంది. నియాన్ టెట్రా గుంపులోనే ధైర్యంగా ఉంటుంది గనుక, ఇద్దరు ముగ్గురు తోడున్నప్పటి కంటే పదిమంది ఉన్నప్పుడే దాని రంగు, కదలిక తేటపడతాయి. పగడపు దిబ్బ మీది డామ్సెల్ చేప మాత్రం తన పాచి మడిని సాగుదారులా కాచుకుంటూ, తనకంటే ఎన్నో రెట్లు పెద్ద చేపను సైతం తరుముతుంది. ఆ స్వభావంతోనే అది తొట్టెలోకి వస్తుంది, తప్పించుకుపోయే సముద్రం మాత్రం అక్కడ ఉండదు. అందుకే అనుభవజ్ఞులు సాధువైన చేపలను ముందుగా, పోట్లాడే చేపలను చివరగా, వారాల ఎడం ఇచ్చి ఒక్కొక్కటిగా వదులుతారు. మాండరిన్ చేప విషయంలో పోట్లాటతో నిమిత్తమే లేదు. రాతి సందుల్లో పాకే అతిచిన్న జలకీటకాలను రోజంతా ఏరుకు తినే ఆ చేప, పాతబడిన రాళ్లు పుష్కలంగా లేని తొట్టెలో, గిన్నెడు మేత ఎదురుగా ఉన్నా క్రమంగా పొట్ట లోపలికి పోయి చనిపోతుంది. ఒక్క చేపకే చోటు లేని తొట్టెలు ఇలా ఎన్నో ఉన్నాయి.

మంచినీటిలో హద్దుల తగాదాలు లేవనుకోవడం కూడా పొరపాటే. ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిచ్లిడ్ చేపలు ఎంత కలహశీలమైనవంటే, వాటిని పెంచేవారు కావాలనే తొట్టెను కిక్కిరిసేలా నింపుతారు. ఏ ఒక్క మగచేపా హద్దు గీసుకునే వీలు లేక, కోపం ఒకే చేప మీద పడకుండా అందరి మధ్య చెల్లాచెదురవుతుంది. అయితే ఆ సరస్సు నీరు క్షారగుణం కలది గనుక అమ్మోనియా ప్రమాదం సముద్రపు తొట్టెకు దగ్గరగా వస్తుంది, ఫలితంగా వడపోత, నీటి మార్పిడి రెండింతలు బలంగా ఉండాలి. మంచినీటి లెక్క అనే ఒకే లెక్క లేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

సముద్రపు తొట్టెలు ఇళ్లలో నిలబడటానికి మార్గం చూపినవారిలో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ముఖ్యుడు. ఆయన 1961లో వివరించిన పద్ధతిలో, పగడపు దిబ్బల నుంచి తెచ్చిన బోలు రాళ్లే వడపోతగా పనిచేస్తాయి. రాతి పైపొరల్లోని సూక్ష్మజీవులు అమ్మోనియాను మారుస్తుండగా, ప్రాణవాయువు చేరని లోపొరల్లోనివి నైట్రేటును నత్రజని వాయువుగా విడగొట్టి గాలిలోకి పంపుతాయి. ఈ పని నెమ్మదిగా సాగేది గనుక, చేపలు దాని వేగాన్ని దాటిపోకూడదు. మంచినీటి తొట్టెలో ఇదే భారాన్ని జలమొక్కలు పంచుకుంటాయి. పైగా క్లోరిన్ తొలగించిన కుళాయి నీటితో వారానికి పాతిక శాతం మార్చడం దాదాపు ఖర్చులేని పని అయితే, సముద్రపు తొట్టెకు ప్రతి మార్పిడికీ ఉప్పు కొని, కొలిచి, కలపవలసి వస్తుంది.

చివరి భేదం చేప వచ్చే దారిలో ఉంది. అమ్మకానికి వచ్చే మంచినీటి అలంకార చేపలలో అత్యధికం తొట్టెలలో, చెరువులలో పెంచినవి. సముద్రపు చేపలలో అత్యధికం దిబ్బల మీద పట్టినవి, కనుక వాటిలో ప్రతి చావూ దిబ్బకు తీరని లోటు. భారతదేశంలో పగడాలకూ సముద్రగుర్రాలకూ 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు క్లౌన్ చేపలను హేచరీలో పొదిగించే విధానాన్ని రూపొందించడం వల్ల, చిన్నతనంలోనే పొడిమేతకు అలవాటుపడిన పిల్లలు దొరుకుతున్నాయి. క్లౌన్ చేపలన్నీ మగవిగా పుట్టి, గుంపులో పెద్దది ఆడచేపగా మారుతుంది. అందువల్ల రెండు చిన్న పిల్లలను కలిపి వదిలితే వాటిలో ఒకటి క్రమంగా ఆడదై జత కుదురుతుంది. ఆ జతకు దాదాపు 100 లీటర్ల తొట్టె చాలు. అదే తొట్టెలో మూడో క్లౌన్ చేపను చేర్చితే, జత దానిని చాలాసార్లు బతకనివ్వదు.